ఆరో బోర్డు

బోస్నియాలో ఒక యువజన చదరంగ సంఘం ఆఫీసు. సాయంత్రం ఐదింటికి జట్టు జాబితా మూసేస్తారు. బల్లకి ఇటు కార్యదర్శి అంక, అటు ఉనా అనే అమ్మాయి తండ్రి జ్లాత్కో.

"మార్చి తొమ్మిదండీ, అంక గారూ. బాగా గుర్తు. మా ఇంట్లో బురెక్ రొట్టె రెండు ముక్కలు తిని, ఉనా లేకుండా జట్టేమిటి అన్నారు. అన్నారా లేదా?"

"అన్నాను. మూడో ముక్క కూడా తిన్నాను. అయితే?"

"ఎంపిక ఆటల్లో అరవై మందిలో మొదటొచ్చింది నా కూతురు!"

"రాలేదన్నానా? జట్టులో ఉన్నవి ఆరు బోర్డులు, అంటే ఆరుగురే. బోస్నియాకులకి రెండు, సెర్బులకి రెండు, క్రొయేట్లకి రెండు. మీ అమ్మాయి కాగితంలో ఏ జాతని రాసింది? 'ఇతరులు'. ఇతరులకి బోర్డు లేదు, జ్లాత్కో గారూ."

"నేను సెర్బుని. వాళ్ళమ్మ ఫాదిలా బోస్నియాక్ ముస్లిం. ఇంకేం రాస్తుంది?"

"ఏదో ఒకటి."

"అయితే సెర్బు అని రాయండి."

"నిండిపోయాయి."

"బోస్నియాక్."

"అవీ నిన్ననే నిండాయి."

"మరి ఖాళీ?"

"క్రొయేట్లది ఒకటి. ఆరో బోర్డు. ఆడే పిల్ల దొరకలేదు."

"దొరక్కపోతే?"

"ఖాళీ కుర్చీతోనే పోటీకి వెళ్తారు. పోయినేడూ అంతే. రౌండుకో ఆట ఆడకుండానే ఓడాం. జాతికొకరు చొప్పున మన సంఘం అధ్యక్షులు ముగ్గురూ చప్పట్లు కొట్టి వచ్చారు."

"వచ్చే ఏడు దానికి వయసు దాటిపోతుందండీ. మూడ్రోజులుగా ముద్ద ముట్టలేదు. బయట బెంచీ మీదుంది, ఒక్కసారి చూడండి."

"నన్ను చూడమనకండి... మీ ఇంటిపేరు కొవాచ్ కదూ? అది మూడు జాతుల్లోనూ ఉంది. జ్లాత్కో అన్నా అంతే."

"అంటే?"

"నేనేమీ అనలేదు."

"క్రొయేట్ అని రాయమంటున్నారు."

"అనలేదన్నానా! రాస్తే మటుకు పిల్లకి నేర్పాలి. కాఫీని కావా అనాలి. సెర్బుల్లా కాఫా అనకూడదు. ఫాదిలా గారిలా కహ్వా అని అసలే అనకూడదు. ఆవిడ సాగనంపడానికి బస్సు దగ్గరికి రాకూడదు."

"కన్నతల్లండీ!"

"తెలుసు."

"మీకేం తెలుసు? మీ కుర్చీ మీకుంది. కూతురు తల్లిని ఎరగనట్టు... నోరెలా వచ్చింది మీకు?"

"కూర్చోండి. కాస్త కహ్వా తాగండి, తర్వాత..."

"ఏమన్నారు?"

"కావా."

"కాదు. కహ్వా అన్నారు."

"చక్కెర ఎంత వెయ్యను?"

"అంక గారూ?"

"మా అమ్మ పెట్టిన పేరు హంక, బోస్నియాక్ పేరు. ఈ ఉద్యోగం క్రొయేట్ల వాటా. 'హ' ఒక్కటి తీసేశాను. పంతొమ్మిదేళ్ళయింది."

"మీ అమ్మగారు?"

"పోయింది. ఆడవాళ్ళంతా ఇంట్లో ప్రార్థనకి కూర్చున్నారు. నేను గుమ్మం పక్కన పొరుగింటావిడలా కూర్చుని వచ్చేశాను. ఏడవలేదు."

"ఇది నాకెందుకు చెప్పారు?"

"మీ రహస్యం ఒక్కటే నా దగ్గరుంటే మీకు నిద్ర పట్టదు. అందుకని నాదీ మీ దగ్గర పెట్టాను. ఐదుకి రెండు నిమిషాలు. ఏం రాయను? అమ్మాయిని పిలిచి అడుగుదామా?"

"వద్దు. క్రొయేట్ అని రాయండి. ఉండండి, ముందు ఆ తలుపు చప్పుడు కాకుండా వేసొస్తాను. బెంచీ మీద ఉనా పక్కన ఫాదిలా కూడా ఉంది."