దున్నేసిన సమాధి

రోమన్ల కాలంలో, పో అనే నది ఒడ్డున, పోయినవాళ్ళ సమాధుల మీద పాలు పోసే రోజుల్లో, ఒక ముసలామె పాలచెంబుతో వచ్చి చేనుగట్టు మీద ఆగింది. చేలో నాగలి పట్టుకున్నవాడు మొన్నమొన్నటి వరకూ రోమన్ సైనికుడు.

"ఈ చేను ఇప్పుడు నీదేనా బాబూ?"

"అవునమ్మా. యుద్ధం గెలిచాక మా సేనాపతి ఇచ్చాడు."

"మా దగ్గర లాక్కుని ఇచ్చాడులే. నేను దానికోసం రాలేదు. మా ఆయన నోవియస్ ఇక్కడే ఉన్నాడు. కాసిన్ని పాలు పోసి వెళ్ళిపోతాను."

"ఎక్కడమ్మా?"

"ఆ మూల, అంజూరపు చెట్టు కింద. పేరు చెక్కిన రాయి ఉంటుంది."

"చెట్టు కొట్టేశానమ్మా. అక్కడంతా దున్నేశాను."

"మరి రాయి?"

"పశువుల కొట్టం గుమ్మంలో పరిచాను. నాకు చదువు రాదు. కానీ అది సమాధిరాయని తెలుసు. తెలిసే చేశాను."

ఆమె పాలచెంబు గట్టు మీద దించింది.

"నువ్వు మీ వాళ్ళకి పోశావా?"

"నాకు తమ్ముడొక్కడేనమ్మా. యుద్ధంలో పోయాడు. ఎక్కడ పూడ్చారో తెలీదు."

"వాడి పేరు చెప్పు. ఇక్కడే వాడికీ కాస్త పోస్తాను."

"వద్దమ్మా! ఇంత చేసినవాడి తమ్ముడికి మీ చేతి పాలా? నన్ను తిట్టండమ్మా."

"తిట్టే ఓపిక లేదు నాయనా. పేరు చెప్పు."

అతను నాగలి వదిలేసి మట్టిలో కూలబడ్డాడు.

"వోపిస్కస్," అన్నాడు, ఆమె మొహం చూడలేక.