నిటారు కోత

సిద్దిపేటలో దామోదర్ కట్టుకున్న కొత్త ఇల్లు. ఆదివారం మధ్యాహ్నం. భోజనాల బల్లకు ఒక పక్క దామోదర్, ఎదురుగా అతని అక్క ప్రమీలాదేవి. ఆమె ఇంకా పళ్లెం ముట్టలేదు.

"తిను అక్క. బోటి చల్లగైతే నీసు వాసనొస్తది."

"ఇప్పుడే వస్తున్నది."

"ఏంది?"

"నీసు వాసన."

"నీ మరదలు పసుపేసి, ఉడుకునీళ్లు పోసి కడిగింది. వాసనెక్కడిది?"

"కూరల నుంచి కాదు దామోదర్."

"మల్ల షురూ చేసినవా? అన్నం కాడ గా ముచ్చట వద్దన్ననా లేదా?"

"నన్ను పిలిచిందే గా ముచ్చటకు. పండుగ లేదు, పబ్బం లేదు. ఊకెనే బోటి కూర వండిస్తవా? అడిగేదేదో అడుగు. నేను లేస్త."

"కోపం చెయ్యకు. ఒక్కటే మాట. ఎల్లుండి విశాఖపట్నంల, నా రోడ్డు పని కాడ కొండ కూలిన దాని మీద విచారణ కమిటీ కూసుంటది. అందరు ఆఫీసర్లే, ఒక్కనికి రాళ్ల సంగతి తెల్వదు. అందుకే నిన్ను పిలిచిన్రు. ఇన్నేండ్లు కాలేజీల జియాలజీ చెప్పినవ్, తూర్పు కనుమల మీదనే పీహెచ్‌డీ చేసినవ్. నువ్వు ఏదంటే అది రాసుకుంటరు."

"ఏమనాలె?"

"వాన. అంతే. తుఫానొచ్చింది, కొండ జారింది. దేవుని పని."

"దేవుడు పొక్లెయిన్ కిరాయికి తెచ్చుకొని కొండ పాదం కోసిండా?"

"అక్క, జర మెల్లగ. వంటింట్ల పనామె ఉన్నది."

"వినని. అందరు విననీ."

"మనం అక్కాతమ్ముళ్లమని కమిటోళ్లకు తెల్వది. ఇంటిపేరు వేరు గదా. నీకేం మాట రాదు."

"ఛీ. గదొక లెక్క వేసుకున్నవా? పోంగనే మొదలు చెప్పేదే గది. ఈ కాంట్రాక్టరు నా తోడవుట్టినోడు, ఇగ నేను చెప్పేది వినుండ్రి అని."

"ఎందుకక్క గంత పంతం? నాకు పని రాదా? మర్కూక్ దిక్కు కాలువ కొట్టినప్పుడు గుండ్లు పలగ్గొట్టిన. గోడ లెక్క నిటారుగ నిలవెట్టిన. ఇయ్యాల్టికి ఒక్క పెచ్చు రాలలే. పోయి చూడు."

"అదేరా నీ పాడు తెలివి. మన గుండు వేరు. కరిగి, భూమి లోపలనే చల్లారి, ఒక్క ముద్దయిన రాయి అది. బెల్లం అచ్చు లెక్క. ఎటు కోసినా నిలవడ్తది. గా కొండ గట్ల కాదు."

"రాయి రాయే గదా."

"ఆ రొట్టెలు ఇటియ్యి."

"తింటవా? హమ్మ, గిప్పుడు మా అక్కవైనవ్."

"ఒకటి కాదు. అన్నియ్యి."

"గన్ని రొట్టెలు దొంతర పేరుస్తవేంది?"

"ఇది నీ గుమ్మలకొండ. ఒకప్పుడు సముద్రం అడుగున పడ్డ బురద. పొర మీద పొర. భూమి లోపలికి దిగింది, కాలింది, నలిగింది, మల్ల పైకి లేసింది. కోట్ల ఏండ్ల కింది సంగతి. లేసినప్పుడు సాపుగ లేవలే. పళ్లెం ఒక దిక్కు ఎత్తుతున్న, చూడు. గిట్ల రోడ్డు దిక్కు వాలి ఉన్నయి పొరలన్ని. కింది రొట్టెను ఏది పట్టుకున్నది?"

"నీ చెయ్యి."

"అది కొండ పాదం. దాన్ని నువ్వు కోసినవ్. తీస్తున్న చెయ్యి."

"జారలే! చూసినవా? నేననలే? జారలే!"

"ఎండాకాలం జారవు. పచ్చిపులుసు గిన్నె తే, వాన పడాలె."

"వద్దక్క, రొట్టెల మీద పొయ్యకు. టేబుల్ కరాబైతది. అక్క! అరె... అరె, ఒళ్లె పడ్డయి! కొత్త అంగి!"

"నీ ఒళ్లె రొట్టెలు పడ్డయి. వాళ్ల మీద కొండ పడ్డది."

"అన్నం కాడ గిదేం పనక్క! చిన్న పోరగాడినా నేను?"

"చిన్న పోరగాడైతే సమజైతుండె. బంగాళాఖాతంల ఏ తుఫాను లేసినా ముందుగాల తగిలేది గా కొండలకే. ఎన్ని వేల ఏండ్ల సందో వాన తాగి తాగి ఆ రాయి లోపల మట్టయింది. పైకి నల్లగ రాయి లెక్కనే ఉంటది. గోటితోని గీకితే ఎర్రగ రాల్తది. ఎండాకాలం నేనాడికొచ్చినప్పుడు నీ ముందట గీకి చూపెట్టిన్నా లేదా?"

"చూపెట్టినవ్."

"మెట్లు మెట్లుగ కొయ్యి, పైనుంచి నీళ్లు పక్కకు మలపు, కింద కూలోళ్ల షెడ్లు తీసెయ్యి అని చెప్పిన్నా లేదా?"

"చెప్పినవక్క. చెప్పినవ్. అంగి తుడుసుకోనియ్యి."

"తుడుసుకో. బాగ తుడుసుకో. గా రాయికి ఏం పేరో తెలుసా?"

"నాకు పేర్లెందుకు?"

"ఖోండలైటు. గా కొండల మీదుండే కోందు గిరిజనుల పేరే రాయికి పెట్టిన్రు. నీ షెడ్లల్ల పండుకున్నదెవరు? కోందులే. వాళ్ల పేరున్న రాయి కిందనే వాళ్లను పండవెట్టినవ్."

"నేను పండవెట్టిన్నా? వాన... ఒక్క నిమిషం, ఫోనొస్తున్నది. ఆ, చెప్పు నాగేశ్. రెండు బండ్లు ఎక్కించిన్రా? మంచిది. హుస్నాబాద్ సైటుకే. కోహెడ మీదికెళ్లి పొమ్మను... గదంత తర్వాత మాట్లాడ్త. పెట్టెయ్యి."

"ఏ బండ్లు?"

"ఏం లేదు. మనయే."

"ఏ బండ్లురా?"

"పొక్లెయిన్లు. గాడికెళ్లి తెప్పిస్తున్న."

"గాడంటే? గుమ్మలకొండ కాడికెళ్లా? మనుషుల కోసం ఇంకా తవ్వుతున్నరు గదా!"

"తవ్వుతున్నరు. వేరే బండ్లున్నయి. సర్కారువి."

"సర్కారు బండి ఒక్కటే ఉన్నదని టీవీల చెప్పిన్రు."

"అక్క, ఆడ ఖాళీగ ఎన్నొద్దులు పెట్టాలె? ఈడ పని ఆగింది."

"ఖాళీగనా? బుచ్చిరాములు ఇంకా మట్టి కిందనే ఉన్నడురా! నీ బండి నడిపినోడు. మిరుదొడ్డి నుంచి నువ్వే తోలుకపోయినవ్. వాడు నడిపిన బండితోని వాన్ని తియ్యవా?"

"నాకు మాత్రం బాధ లేదా?"

"లేదు. నీ మొకంల లేదు. కండ్లల్ల లేదు. బోటి నములుకుంట మాట్లాడుతున్నవ్."

"ఏడిస్తే వస్తడా? చెప్పు. వాని పెండ్లం ఎస్తేరు కాడికి మనిషిని పంపిన. ఏమన్న కావాలంటే చూసుకుంటనని చెప్పిచ్చిన."

"పొద్దున మిరుదొడ్డి పోయొచ్చిన నేను."

"ఎందుకు? నిన్నెవరు పొమ్మన్నరు?"

"ఎస్తేరు గడప కాడ కూసున్నది. మొగడు చచ్చిండని చెప్పుకోరాదు, ఉన్నడని చెప్పుకోరాదు. చర్చికి పోయి ఏమని ప్రార్థన చెయ్యాలె మేడమ్ అన్నది. నీకు చాతనైతే చెప్పు దానికి జవాబు."

"పైన గుడ్డ కప్పుండ్రి అని నేనే చెప్పిన తుఫాను ముందట. నీళ్లు లోపలికి దిగకుండ. ప్లాస్టిక్ గుడ్డ."

"కొండకు గుడ్డ కప్పినవా?"

"ఎవరు చెప్తే నిటారుగ కోసిన్నో నీకు తెల్వది."

"తెల్వకేంది? నీ ఆశ చెప్పింది. రోడ్డు వెడల్పు చేసి జల్ది అప్పజెప్పాలె. మెట్లు కొయ్యాలంటే ఇంకో వానాకాలం పడ్తది. గంతే గదా?"

"నేను జల్ది పడలే."

"మరెవరు పడ్డరు?"

"పోనియ్యి."

"పోనియ్యను. ఎల్లుండి అక్షరం పొల్లుపోకుండ చెప్త. నేను చెప్పిన, నా తమ్ముడు వినలే అని. మీ బావను చూడు. రోడ్ల ఇంజనీరుగ రిటైరైనంక నువ్వు బతిమిలాడితే నీ పనికి వచ్చిండు. కొండ కూలినకాడి నుంచి మనిషి మనిషిల లేడు. ఫ్యాను దిక్కు చూసుకుంట పండుకుంటడు. మాట లేదు. గా మనిషికున్న సిగ్గుల పావులొంతన్న నీకు..."

"బావ మాట తీయకు."

"తీస్త. ఎందుకు తీయొద్దు?"

"నేను విన్న అక్క."

"ఏం విన్నవ్?"

"నీ మాట. వినలే వినలే అంటున్నవ్ గదా. నేను విన్న. నువ్వు కారెక్కి పోంగనే బండి ఆపిచ్చిన. ఆ పూటంత బుచ్చిరాములు ఖాళీగనే కూసున్నడు."

"మల్లెందుకు కోసిన్రు?"

"గేటు చప్పుడైంది. బావ వచ్చినట్టున్నడు. నిన్ను తీస్కపోతందుకు."

"రానీ. మల్లెందుకు కోసిన్రని అడిగిన."

"బావనే అడుగు."

ప్రమీలాదేవి భర్త రమాకాంత్ లోపలికి వచ్చి, గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"ఏందిది? బట్టల మీద ఏం పడ్డది దామోదర్?"

"కొండ పడ్డది బావ. అక్క పాఠం చెప్పింది. రా, కూసో."

"వద్దు. ప్రమీలా, పోదామా? ఎండ దంచుతున్నది."

"ఆగుండ్రి. ఒక్కటడుగుత. నేను ఎండాకాలం చెప్పొచ్చినంక దామోదర్ పని ఆపిండట. నిజమా?"

"ఇప్పుడు గదెందుకు?"

"నిజమా, కాదా?"

"ఆపిండు. ఒక పూట."

"మల్ల ఎవరు షురూ చేపిచ్చిన్రు?"

"డ్రాయింగుల నిటారుగనే ఉండె ప్రమీలా. డ్రాయింగు ప్రకారం పోవాలె గదా."

"డ్రాయింగు ఎవరు గీసిన్రు?"

"చెప్పు బావ. నేనైతే పదోది పాసు కాలే, నేను గియ్యలే."

"నువ్వు ఊకో దామోదర్. ఏమండి, డ్రాయింగు ఎవరిది?"

"నాదే."

"నేను చెప్పినంక మార్చొచ్చు గదా?"

"మార్చొచ్చు."

"నేను చెప్పింది తప్పనిపించిందా?"

"లేదు."

"మరి?"

"నువ్వు గా దినం అందరి ముందట అన్నవ్. నా కింద పనిచేసే ఇంజనీర్లు ఉన్నరు, మేస్త్రీలు ఉన్నరు. ఈ కోత తప్పు, ఎవరు గీసిన్రు దీన్ని అని గట్టిగ అన్నవ్. నేను పక్కనే ఉన్న."

"మీరు గీసిన్రని నాకు తెల్వది. దామోదర్ మీద అనుకొనే అన్న."

"వాళ్లకు తెలుసు గదా. వాళ్లు నా దిక్కు చూసిన్రు. జిందగంత రోడ్లేసిన. పెండ్లం వచ్చి గోటితోని గీకి చెప్తే రమాకాంత్ సార్ డ్రాయింగు మార్చిండంటరని... నవ్వుతరని..."

"ఎవరు నవ్వుతరు?"

"అందరు."

"అందరంటే ఎవరు? పేరు చెప్పుండ్రి. బుచ్చిరాములు నవ్వుతుండెనా? షెడ్లల్ల పండుకున్న కోందులు నవ్వుతుండెనా? షెడ్ల సంగతేంది? అవన్న తీపియ్యొచ్చు గదా? దానికి డ్రాయింగు లేదు."

"షెడ్లు తీపిస్తే నీ మాట నిజమని ఒప్పుకున్నట్టే గదా."

"ఛీ!"

"ప్రమీలా..."

"నా చెయ్యి ముట్టకుండ్రి. ఇన్నొద్దులు పక్క మీద మీరు ఫ్యాను దిక్కు చూస్తుంటే నేనేమనుకున్న? పాపం, మనుషులు పోయిన్రని గుండె పగిలింది అనుకున్న. మీ తల నిమిరిన. నా తమ్ముని పాపాన్ని మీరెందుకు మోస్తరని ఊకుంచిన. నిమిరిచ్చుకున్నరు గదా! సప్పుడు చెయ్యకుండ నిమిరిచ్చుకున్నరు!"

"చెప్దామనుకున్న. నోరు రాలే."

"ఇగ చాలక్క. అందుకే నేను వాన అనమన్న. నా కోసం అనుకున్నవా? నేను దొంగనే, ఒప్పుకుంట. బావ మాటకు ఎదురు చెప్పలే, బండి మల్ల ఎక్కమన్న. కానీ ఎల్లుండి నువ్వు నోరిప్పితే ముందుగాల గుంజుకపొయ్యేది ఎవర్ని? డ్రాయింగు మీద సంతకం ఎవరిది? ఇప్పుడు చెప్పు. వాననా? బావనా?"

"ప్రమీలా, ఇంటికి పోదాం నడువు. ఇంట్ల మాట్లాడుకుందాం. నేను... ఏదో ఒకటి ఆలోచిస్త."

"మీరు పోండ్రి."

"నువ్వు?"

"దామోదర్, గా నాగేశ్‌కు ఫోన్ చెయ్యి. బండ్లను వెనుకకు మలపుమను. నా ముందటనే చెయ్యి."

"చేస్త. చేస్తున్న అక్క. నువ్వు ముందుగాల కూసో. ఎటు పోతున్నవ్ గీ ఎండల?"

"మిరుదొడ్డికి. మా ఆయన మీద కొండ పడెటట్టు చేసిందెవరు మేడమ్ అని ఎస్తేరు పొద్దున అడిగితే నీ ఒక్కని పేరే చెప్పొచ్చిన. కమిటీ ఎల్లుండి దాక ఆగుతది. నా మొగని పేరు కూడ ఆమెకు ఈ పూటనే చెప్పాలె."