ఒహాయోలో చెల్లే తుపాకీ

అది కాదు ఎమెట్, మా ఆయన తుపాకీ కొన్నందుకు నేనేం అనడం లేదు. ఎవరి కోసం కొన్నాడూ అని అడుగుతున్నాను.

నువ్వు ముందు ఆ గొట్టం తుడవడం ఆపు నాయనా. నేను షాపులోకి వచ్చినప్పటి నుంచీ ఒక్కచోటే తుడుస్తున్నావు. మీ నాన్నా ఇంతే. అబద్ధం ఆడాల్సిన రోజున ఈ కౌంటరు అద్దంలా మెరిసేది.

మా ఆయనకి తుపాకీ లేదా ఏమిటి? మా మామగారి చెకుముకి తుపాకీ గోడకి వేలాడుతూనే ఉందిగా. మూతిలోంచి మందు పోసి, గుండు కూరి, రాయి నిప్పు రాలిస్తే పేలేది. క్రిస్మస్ మర్నాటి నుంచి మన పెన్సిల్వేనియాలో జింకల వేటకి అదే చెల్లుతుంది. రాయి ఉండి తీరాలి, పైన గురి చూసే దుర్భిణి ఉండకూడదు. నాకెలా తెలుసంటావా? మా పెళ్ళి విందులో మగవాళ్ళంతా మాట్లాడుకున్నది అదొక్కటే. నా గౌను సంగతి ఒక్కడూ ఎత్తలేదు.

మరి నిన్న మా కొట్టంలో, గుర్రపు దుప్పట్లో చుట్టి దాచిందేమిటి? మూతిలోంచే కూరాలి, సరే. రాయి ఏదీ? రాయికి బదులు చిన్న మందు క్యాప్ పెట్టి పేల్చే రకం అది. పైన ఇంత పొడుగు దుర్భిణి. అది పట్టుకుని క్రిస్మస్ మర్నాడు మన అడవిలో అడుగు పెడితే వేట వార్డెన్ ఊరుకుంటాడా?

అక్టోబరులో ఓ వారం అలాంటివి మన దగ్గరా వాడనిస్తారు, నాకూ తెలుసు. ఆ వారం మా వెండెల్ యాపిల్ గానుగ వదిలి వస్తాడా? ఇల్లంటుకున్నా రసం తీశాకే వస్తాడు.

పక్కనున్న వెస్ట్ వర్జీనియాలో చెల్లుతుందా? చెల్లుతుంది. కానీ అక్కడ మా ఆడపడుచు ఉంది. తన చెల్లెలి ఇంట్లో రెండు రాత్రులు పడుకోవడం కంటే మా ఆయన మంచులో పడుకుంటాడు.

ఇక మిగిలింది ఏ రాష్ట్రం, చెప్పు.

తల అలా వంచేశావంటే ఒహాయోనే. నేననుకున్నాను. అక్కడ జనవరిలో ఇలాంటి తుపాకులకి ప్రత్యేకంగా రోజులు పెట్టారట. ఏ గొట్టమైనా ఫరవాలేదట, దుర్భిణికీ అడ్డు లేదట. ఒహాయో వాళ్ళు అన్నిటికీ అంతే.

ఒహాయోలో ఎవరున్నారు ఎమెట్? రోవీనా ఉంది. మగవాళ్ళ వేట క్యాంపులో వంట చేసేవాడే స్టాన్, వాడి పెళ్ళాం. వాడు పోయాక అక్కడ వాళ్ళ అక్క పొలానికి చేరింది. మొన్న చర్చి చేపల విందుకి వచ్చి, నేను పక్కనే కూర్చుని ఉండగా, "వెండెల్, మా అడవి నిండా జింకలే. నీకెప్పుడు బుద్ధి పుడితే అప్పుడు రా" అంది. ఈయన చేప ముల్లు కూడా తీయకుండా మింగేశాడు.

బంగాళాదుంప కూరి మడిచే పిరోగీలు, దాని చేతివి నువ్వు తిన్నావా? పిండి కాదది, బూటు అడుగు. ఈయన మాత్రం నాలుగు తిన్నాడు. ఇష్టం లేని మనిషి నాలుగు తింటాడా?

ఇంకా ఉంది, విను. ముప్ఫై ఏళ్ళలో గురి తప్పని మనిషి, వరసగా రెండేళ్ళు తప్పాడు. క్యాంపు రివాజు నీకు తెలుసుగా, తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, పేరు రాసి గోడకి మేకు కొడతారు. రెండు మంచి ఉన్ని చొక్కాలు పోయాయి. ఆ క్యాంపులో ఉండే బర్డెట్ అయితే, "వదినా, మూడో ఏడు మీ ఆయన్ని చొక్కా లేకుండానే పంపు, మాకు కత్తెర శ్రమ తప్పుతుంది" అని ఊరంతా వినేట్టు అన్నాడు. నవ్వానులే. ఇంటికొచ్చి ఆలోచించాను. మనసు వేరే చోట ఉంటేనే మగవాడికి గురి తప్పుతుంది.

పైగా ఈ మధ్య నా మీద ప్రేమ ఒలకబోస్తున్నాడు. "ఆర్డిత్, ఈ గాలానికి దారం ఎక్కించవూ." "ఆర్డిత్, పేపరు నువ్వే చదువు, నీ గొంతు బాగుంటుంది." నా గొంతు! పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ గొంతు తగ్గించమనే కదా గోల. మొగుడు తియ్యగా మాట్లాడుతున్నాడంటే ఎక్కడో చేదు దాచాడనే లెక్క.

ఏమిటి?

ఏమన్నావు, మళ్ళీ చెప్పు.

కళ్ళా.

ఆయన నీతో అన్నాడా ఆ మాట?

అనలేదూ. మరి నీకెలా తెలుసు?

ఊఁ.

ఇక్కడే నిలబడి ఎత్తి చూశాడా, మా మామగారి తుపాకీ? తెచ్చాడా దాన్ని ఇక్కడికి?

దానికి దుర్భిణి బిగించమన్నాడా. మన దగ్గర అది చెల్లదని ఆయనకి తెలియకనా? తెలిసే అడిగాడంటే...

జింక కనిపిస్తే గొట్టం చివరి గురి పూస మసకేస్తోంది, పూస కనిపిస్తే జింక మసకేస్తోంది. అంతేనా. దుర్భిణిలో అయితే రెండూ ఒక్కచోటే తేటగా ఉంటాయి. ఆ మాట నువ్వన్నావా, ఆయనన్నాడా? నువ్వే అన్నావు. ఆయన ఏం పలికాడు?

"ఏ రాష్ట్రంలో చెల్లుతుంది" అన్నాడా. అంతేనా. ఇంకేం అనలేదా.

ఒక్క నిమిషం ఆగు. ఆ స్టూలు ఇలా లాగు.

నేను ఇక్కడికి వచ్చేటప్పుడు కారులో మొత్తం అనుకుంటూ వచ్చాను ఎమెట్. రోవీనా గుమ్మంలో నిలబడి ఏమనాలో, ఆ పిరోగీల పళ్ళెం ఎక్కడ విసరాలో. ఆడదయితే నాకు తెలుసు ఏం చెయ్యాలో. దీన్ని ఎవరి గుమ్మంలోకెళ్ళి తిట్టను?

కళ్ళజోడు పెట్టుకోమననా? ఆ మాట నేనంటే నాకు తెలిసిపోయిందని ఆయనకి తెలిసిపోతుంది. నాకు తెలియకూడదనే కదా గుర్రపు దుప్పటి.

నేను వచ్చానని చెప్పకు. వెండెల్ దుర్భిణి గురించి కూడా ఎవరితోనూ అనకు. నవ్వుతావేం? నా నోట్లో పడి దాగిన రహస్యం ఈ ఊళ్ళో ఒక్కటీ లేదని నాకూ తెలుసు. ఇది దాగుతుంది.

కానీ క్యాంపులో అడుగుతారుగా, ఈ ఏడు వెండెల్ రాలేదేమని. ఏదో ఒకటి చెప్పకపోతే వాళ్ళే అసలు సంగతి పసిగడతారు. బర్డెట్ మధ్యాహ్నానికల్లా, "ముసలాడికి చూపు పోయిందిరా, జింక అనుకుని మన ట్రక్కుని కాలుస్తాడు" అని మొదలెడతాడు. అది మా ఆయన చెవిన పడితే ఆ చెకుముకి తుపాకీ ఇంకెప్పుడూ గోడ దిగదు. కొత్తదీ దుప్పట్లోంచి బయటికి రాదు. ఇంట్లో కుర్చీలో కూర్చుని, కిటికీలోంచి చూస్తూ ఉండిపోతాడు. వాళ్ళ నాన్న అలానే కూర్చున్నాడు. నేను చూశాను.

అందుకని నేనే ముందు చెప్తాను. ఈ ఆదివారం బర్డెట్ పెళ్ళాం పక్కన కూర్చుని, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని మరీ చెప్తాను. మా ఆయనకి ఒహాయోలో రోవీనాతో ఏదో నడుస్తోందే, అని.

అలా చూడకు. అరవై తొమ్మిదేళ్ళ మనిషి. గుడ్డివాడు అనిపించుకోవడం కంటే తిరుగుబోతు అనిపించుకోవడం ఆయన ఒంటికి మంచిది. రోవీనాకేమంటావా? అంత దూరాన ఉన్నదానికి ఈ ఊరి మాట ఏం తగుల్తుంది? తెలిస్తే కొత్త గౌను కొనుక్కుంటుంది.

నాకా? నాకేముంది. నన్ను చూసి అయ్యో అంటారు, అననీ. ఈ ఊళ్ళో జాలిపడేవాళ్ళు వట్టి చేతులతో రారు. వారం పాటు వంట చేసే పని ఉండదు.