పది చింతపిక్కలు

అధ్యక్షస్థానంలో ఉన్న మన డాక్టర్ తిరుపతిరావు గారికి, ఇవాళ రిటైరవుతూ, మెడలో దండ ఎప్పుడు తీసెయ్యొచ్చా అని ఇందాకటినుంచీ చూస్తున్న మన దాదాపీర్ మాస్టారికి, పక్కనే ఉన్న వారి శ్రీమతి మెహబూబ్ బీ గారికి, ఈ ఎండలో గవర్నర్‌పేట దాకా వచ్చి మన లాబొరేటరీ ఇరుకు మెట్లెక్కిన పెద్దలందరికీ నమస్కారం. రెండో వరుసలో కూర్చున్న మా అమ్మకీ నాన్నకీ విడిగా ఇంకో నమస్కారం పెడుతున్నాను, ఎందుకంటే ముందు వాళ్ళమీదే ఒక ఫిర్యాదు చెయ్యబోతున్నాను.

పోయిన వారం మా అమ్మ మణెమ్మ నా సంచీ ఉతుకుదామని దులిపితే పది చింతపిక్కలు రాలాయి. "ఏమే హన్నా, బి.యస్సీ. చదివి, రోజూ భవానీపురంలో బస్సెక్కి వెళ్ళేది అక్కడ వామనగుంటలాడుకోవడానికా?" అంది. (నవ్వులు) నవ్వారు, బాగానే ఉంది. మా నాన్న అబ్రహాము గారు చదువుతున్న పేపరు కూడా దించకుండా ఏమన్నారో వినండి: "ఆడుకోనీ మణీ. అదైనా ఎన్నాళ్ళు ఆడుతుందిలే."

ఆ మాటకి ఆయన దగ్గర సాక్ష్యాలు లేకపోలేదు. హార్మోనియం ఆరు నెలలు నేర్చుకుని మానేశాను. హిందీ పరీక్షలు రెండు రాసి మూడోదానికి ఫీజు కట్టి వెళ్ళలేదు. మా ముందు గదిలో నేను కుట్టిన నెమలి ఇప్పటికీ గోడమీద ఉంది, తోక లేకుండా. వచ్చినవాళ్ళు కోడిపెట్ట బాగుందమ్మా అంటుంటారు. (నవ్వులు) అందుకని, మాస్టారు దిగిపోయాక ఆయన స్టూలు మీద నువ్వు కూర్చుంటావా అని డాక్టరుగారు నన్నడిగిన సంగతి ఇంట్లో చెప్పగానే, నాన్న నాతో ఒక్క మాటైనా అనకుండా మొన్న ఆదివారం చర్చి నుంచి నేరుగా డాక్టరుగారింటికి వెళ్ళి, "మధ్యలో వదిలేసి మాట తెచ్చుకుంటుందండీ, అంతకంటే ఈ నెలాఖరుకే మానిపిస్తాను" అని చెప్పి వచ్చారు. డాక్టరుగారు నన్ను పిలిచి, "నాకు నీ నోటివెంట వినాలమ్మా, సభ రోజుకి చెప్పు" అన్నారు. సభ ఇదే కాబట్టి చెబుతాను. ముందు ఆ చింతపిక్కల సంగతి తేల్చాలి.

క్షయ ఉందేమో చూడమని కళ్ళె పరీక్షకి పంపిస్తారు కదా. ఆ గాజుపలక మీద మైక్రోస్కోపులోంచి ఒకసారికి ఒక గుండ్రటి ముక్కే కనపడుతుంది, దాన్ని ఫీల్డు అంటాం. వంద ఫీల్డులు చూసి, ఎక్కడా ఏమీ లేకపోతేనే "లేదు" అని రాయాలి. కళ్ళు మైక్రోస్కోపులో ఉంటే లెక్క తప్పుతుంది. అందుకని మాస్టారు రెండు డబ్బా మూతలు పెట్టుకుని, పది ఫీల్డులకి ఒక పిక్క చొప్పున ఈ మూతలోంచి ఆ మూతలోకి జరుపుతారు. ఆ మధ్యలో టీ వస్తే లేవరు. ఈయన వేడి టీ తాగగా చూసినవాళ్ళెవరైనా ఉంటే చెయ్యెత్తండి. (నవ్వులు) ఒక్కరూ లేరు. మెహబూబ్ బీ గారూ, ఇంట్లోనో? "ఇంట్లోనూ మీగడ కట్టిందే తాగుతారమ్మా" అంటున్నారు.

పోయిన ఏడాది రంజాన్ నెలలో ఒక సాయంత్రం, ఆఖరి పలక చూస్తున్నాను. ఆరు పిక్కలు జరిపేసరికి బస్సు టైమైంది. అంతా ఖాళీగానే ఉంది, ఇక ఏముంటుందని "లేదు" అని రాసి సంచీ తగిలించుకున్నాను. మాస్టారు కాగితం చూడలేదు, మూత చూశారు.

"బేటీ, ఈ నాలుగూ ఎవరికి వదిలావు?"

"బస్సు వెళ్ళిపోతుందండీ."

"ఇంకో బస్సుంది. ఆ మనిషికి ఇంకో రిపోర్టు లేదు."

కూర్చున్నాను. ఉపవాసం విడిచే వేళకి మసీదు సైరను మోగింది. ఆయన ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని, గ్లాసుడు నీళ్ళు తాగి, ఇంటికి వెళ్ళకుండా అక్కడే బల్లమీద కూర్చున్నారు. పొద్దుటినుంచీ ఉపవాసం ఉన్న మనిషి. మెహబూబ్ బీ గారూ, ఆ రోజు మీ వంట చల్లారిపోవడానికి కారణం నేనే, మీకు చెప్పి ఉండరు. నలభై ఫీల్డులూ చూశాను, ఏమీ కనపడలేదు. నాకు ఒళ్ళు మండింది. "నేను ముందు రాసిందే నిజమైందిగా మాస్టారూ!" అన్నాను.

"అప్పుడు రాసింది నీ ఊహ. ఇప్పుడు రాసింది రిపోర్టు" అని టోపీ సర్దుకుని లేచారు.

కాలేజీలో వార్షికోత్సవానికి వచ్చిన ప్రతి పెద్దమనిషీ క్రమశిక్షణ గురించి గంటసేపు చెప్పేవాడు, నేను వెనక వరుసలో కూర్చుని ఆయన ఎన్నిసార్లు దగ్గాడో లెక్కపెట్టేదాన్ని. ఆ క్రమశిక్షణ ఎలా ఉంటుందో ఆ సాయంత్రం కళ్ళతో చూశాను. ఆ రోజు నుంచి ఇవాళ్టిదాకా ఒక్క పలకకైనా ఒక్క పిక్క వదల్లేదు. నా స్వభావం మారిపోయిందనుకోకండి. ఇప్పటికీ ఆరో పిక్క దగ్గర కాలు ఊగుతుంది, కిటికీలోంచి బస్సు హారన్ వినపడుతుంది, మనసు కృష్ణా బ్యారేజీ దాటి పోతుంది. చెయ్యి మాత్రం ఏడో పిక్క మీదికి వెళుతుంది. ఓపిక నాకు పుట్టుకతో లేదు నాన్నా, మీరన్నది నిజమే. కానీ చేతికి నేర్పుకోవచ్చు.

పది రోజుల క్రితం మాస్టారు ఆ పది పిక్కలూ జేబులోంచి తీసి నా చేతిలో పోశారు. ఊడ్చేవాళ్ళు చెత్తనుకుంటారని సంచీలో దాచుకున్నాను. అమ్మా, ముప్పై ఏళ్ళు ఒకే మనిషి వేళ్ళు తగిలి నునుపెక్కిన పిక్కలవి. వామనగుంటలకి ఇవ్వను.

మాస్టారూ, మీకు ఏమివ్వాలో మాకు తెలియక శాలువా కప్పాం. ఇకమీదట టీ వేడిగా తాగండి. నాకు పని నేర్పినందుకు, ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళిపోకుండా కూర్చున్నందుకు మీకు కృతజ్ఞతలు. ఇంతసేపు విన్న మీ అందరికీ కూడా.

డాక్టరుగారూ, నేను మానడం లేదు. సోమవారం పొద్దున ఏడున్నరకి ఆ స్టూలు మీద ఉంటాను.

సెలవు.