పక్క సీటు బ్రేకు

"మాస్టారూ! పోయిందా, ఇంకా ఉందా?"

విన్నారా అమ్మా ఆ కేక? వీధి చివర టైలరు. మిషను మీంచి లేవడు, తలెత్తడు, నోరు మాత్రం మా గేటు దాకా వస్తుంది. కొత్తవాళ్ళెవరైనా వింటే ఈ ఇంట్లో ఎవరో మంచం పట్టారనుకోరూ? పోయిందా అన్నది కారు గురించండీ. నెల్లాళ్ళుగా రెండు పూటలా ఇదే పలకరింపు.

ఉందయ్యా బాబూ, ఉంది! నా పాంటు కూడా నీ దగ్గరే ఉంది, ముందు దాని సంగతి చెప్పు!

చూశారా, గొంతు పడిపోయింది.

మీరు రండమ్మా, ఇలా నీడలోకి రండి. నిజం చెప్పొద్దూ, బండి చూడ్డానికి వస్తున్నామని మెసేజి వస్తే ఎవడో నల్ల కళ్ళద్దాల వాడు దిగుతాడనుకున్నాను. మీరేమో టార్చిలైటూ పానాల సంచీ పట్టుకుని దిగారు. మీకు సొంతంగా షెడ్డు ఉందటగా? స్పోర్ట్సు కార్లు కొని, విప్పి, భాగాలు అమ్ముతారటగా? మహారాజుగా విప్పుకోండి. మొత్తంగా పట్టుకెళ్ళినా సరే, ముక్కలుగా పట్టుకెళ్ళినా సరే. పట్టుకెళ్ళడం ముఖ్యం. ఇవాళే.

ధరా? మీరెంతంటే అంత. అబ్బే, తొందరేం లేదు, ఊరికే అన్నాను. అంటే, ఉంది. తొందరే.

ముందిది చూడండి, వెనక రెక్క. వేగంగా పోతుంటే బండిని నేలకి అదిమి పెడుతుందట. మా ఆవిడ దాని మీద తువ్వాళ్ళు ఆరేసింది! మావాడు లబోదిబోమన్నాడు. "అమ్మా, అది రేసింగు రెక్కే!" అని వాడు. "అవునురా, ఎండ భలే తగుల్తోంది" అని ఆవిడ.

ఇది సైలెన్సరు. పేరుకే సైలెన్సరు. కంపెనీది తీసేసి దీన్ని బిగించాడు. పొద్దున్నే వీడు బండి తీస్తే ఆ టైలరుకి సూది వేలిలో దిగేది. వాడి కక్ష అదీ.

సీట్లు చూశారా? బకెట్ సీట్లంటారు. బకెట్లే! మొదటిసారి కూర్చుని ఇరుక్కుపోయాను. మావాడు చేతులూ వాళ్ళమ్మ నడుమూ పట్టి లాగితే, సీసాలోంచి బిరడా ఊడినట్టు ఊడిపడ్డాను.

కంపెనీ భాగాలా? ఎక్కడికి పోతాయి, అన్నీ ఉన్నాయి. పాత సైలెన్సరు అటక మీద, పాత సీట్లు మంచం కింద, పాత స్టీరింగు దుప్పట్లో చుట్టి బీరువా వెనక. మాది ఇల్లు కాదమ్మా, సగం కారు.

ఆఁ, అదా... ముందు మూల నొక్కు. ప్రకటనలో రాశాగా, చిన్న దెబ్బ అని. ఎంత చిన్నదంటే... మనిషికి తగిలిన దానితో పోలిస్తే చిన్నదే.

చెప్తాను, దాచేదేముంది. బండి నాది కాదు, మావాడిది. పార్సిళ్ళ వాను నడుపుతాడు. నడిపేవాడు. నాలుగేళ్ళు సినిమా లేదు, షికారు లేదు, కడుపు కట్టుకుని కొనుక్కున్నాడు. తర్వాత ప్రతి నెలా ఒక కొత్త భాగం. ఇంట్లో పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినట్టు చేశాడనుకోండి.

మూడు నెలల కిందట కొండ దారిలో వంపు దగ్గర గిర్రున తిరిగి గోడకి కొట్టింది. బ్రేకు తొక్కేశాడు. వంపులో ఉండగా గట్టిగా తొక్కకూడదు కదా, మీకు తెలియందేముంది. మణికట్టు రెండు చోట్ల విరిగింది. నేనూ ఉన్నాను పక్కనే. నాకేం కాలేదు, మోచెయ్యి గీరుకుంది. పాపిష్ఠి ప్రాణం గట్టిది.

చెయ్యి అతుక్కుంది. మనిషే అతుక్కోలేదు. వాను తాళాలు కంపెనీ వాళ్ళ బల్ల మీద పెట్టేసి, గోడౌన్లో పార్సిళ్ళు సర్దుతున్నాడు. వాళ్ళు మంచివాళ్ళు, ఇన్నాళ్ళూ ఆగారు. నిన్న ఫోను చేశారు. రేపు పొద్దున వస్తే వాను నీది, రాకపోతే వేరేవాడికి ఇచ్చేస్తామని. వీడేమన్నాడో తెలుసా? "వంపు కనిపిస్తే భయపడి బ్రేకు తొక్కేవాడు మీకెందుకండీ, ఇచ్చెయ్యండి" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో! తిట్టినా బాగుండేది. అయినా రేపు పొద్దుటిదాకా చూస్తామన్నారు వాళ్ళు.

మూడు నెలలుగా వాడు కంచం పట్టుకుని గదిలోకి పోతాడు. వాళ్ళమ్మ వంటింట్లో నిలబడే నాలుగు మెతుకులు మింగుతుంది. నేను టీవీకి చెప్పుకుంటూ తింటాను. ఇవాళ సెలవు రోజా, మధ్యాహ్నం దాటుతోందా, వంట ఎప్పుడో అయిపోయింది, ఎవరి మూల వాళ్ళది. ఈ బండి కంటి ముందు నుంచి కదిలితే సర్దుకుంటుందని నా ఆశ.

నేనా? డ్రైవింగ్ మాస్టార్నమ్మా. ఇరవయ్యారేళ్ళు. ఈ చుట్టుపక్కల స్టీరింగు పట్టుకున్న ప్రతి రెండో మనిషీ నా తిట్లు తిన్నవాడే. ఆ టైలరుక్కూడా నేనే నేర్పాను. మూడుసార్లు తప్పాడు. మూడోసారి పరీక్ష పెట్టే అధికారిని గట్టు ఎక్కించాడు. మావాడు మాత్రం...

అమ్మా, అటు వద్దు. పక్క సీటు దగ్గర ఏముంటుంది, దుమ్ము తప్ప? ఇంజను చూడండి, ఇటు రండి, అసలు సంగతంతా ఇంజన్లో ఉంది.

ఆ మ్యాటు ఎత్తకండి. బాగా అంటుకుపోయింది, చిరిగిపోతుంది...

ఎత్తేశారా.

అది... అది పాత ఓనరు పెట్టించుకున్నాడు. కాళ్ళు ఆనించుకోడానికి. కొందరికి అదో సరదా.

అలా చూడకండమ్మా. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేనే కేకలు పెట్టాను, నాకు తెలుసు. ఎన్ని కార్లు విప్పిన చేతులు మీవి, బ్రేకుకీ పీటకీ తేడా తెలీదా?

బ్రేకే. డ్రైవింగు స్కూలు కార్లకి మాస్టారి వైపు ఉంటుందే, అది. నేర్చుకునేవాడు తడబడితే మనం ఇటు నుంచి తొక్కుతాం. మధ్యలో ఆ కడ్డీ ఉందిగా, అది రెంటినీ కలుపుతుంది. ఇది దిగితే అదీ దిగుతుంది.

వాడు ఈ బండి తెచ్చిన రోజు నాకు కంటి మీద కునుకు లేదు. మర్నాడు వాడు పనికెళ్ళగానే నా పాత స్కూలు కారుది పీకి దీనికి బిగించేశాను. సాయంత్రం చూసి పకపకా నవ్వాడు. "నాన్నా, స్పోర్ట్సు కారుకి ఎల్ బోర్డు కూడా కట్టు, నిండుగా ఉంటుంది." నవ్వి, తర్వాత చెయ్యి పట్టుకుని అడిగాడు, "తీసెయ్ నాన్నా, నా మీద నమ్మకం లేదా" అని.

తీసేశానన్నాను.

తియ్యలేదు. మ్యాటు కప్పాను.

ఇంకేం చూస్తున్నారు? కడ్డీయా? అవును. వంగింది. అందుకే ఊడి రావడం లేదు. మూడు నెలలుగా వాడు ఇంట్లో లేనప్పుడల్లా పానా పెట్టి తిప్పుతున్నాను. రాదు. అలాగే బిగుసుకుపోయింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరుకున్నాను ఇన్నాళ్ళూ. ఇప్పుడు కాళ్ళ దగ్గరే దొరికిపోయాను.

ఎంత బలంగా తొక్కితే అంత ఇనుము వంగుతుందో మీరే చెప్పండి.

వాడు కాదమ్మా. నేను.

కొంచెం మెల్లగా మాట్లాడదాం, కిటికీ తీసుంది.

మీకు నా కాలి గురించి తెలీదు. నాకు ఎప్పుడూ కుడి చెప్పే ముందు అరిగిపోతుంది. బస్సులో కూర్చున్నా తొక్కుతాను. టీవీలో కారు పోతుంటే సోఫాలో తొక్కుతాను. నిద్రలో కూడా తొక్కుతానట, మా ఆవిడ మంచం జరుపుకుంది. ఇరవయ్యారేళ్ళ నుంచి ఈ కాలు నా మాట వినడం మానేసింది.

ఆ రోజు ముందు ఏముందో తెలుసా? ఏమీ లేదు. కుక్క లేదు, మనిషి లేడు, ఎదురుగా బండి లేదు, గుంత లేదు. ఉత్త రోడ్డు. వాడు వంపుకి ముందే వేగం తగ్గించి, కాలు బ్రేకు మీద ఊరికే అలా ఆనించి, బండిని దారంలా లాగుతున్నాడు. నేను చూస్తున్నాను. ఇన్నేళ్ళలో అంత చక్కగా తిప్పిన వాణ్ణి చూడలేదు. నాకన్నా బాగా నడుపుతున్నాడమ్మా! నాకన్నా! కొడుకు మనల్ని దాటిపోతుంటే పొంగిపోవాలి కదా? నా గుండె పొంగలేదు. జారింది. కాలు దిగిపోయింది.

వాడి అరికాలి కింద బ్రేకు పాతాళానికి పోయింది. తన కాలే తొక్కిందనుకున్నాడు పిచ్చివెధవ. ఎందుకనుకోడు? వాడి లెక్క ప్రకారం బండిలో ఉన్నది ఒక్కటే బ్రేకు.

ఆసుపత్రిలో కట్టు కడుతుంటే, నొప్పితో పళ్ళు బిగించి, నా వంక చూసి ఏమన్నాడో వినండి. "సారీ నాన్నా. భయపడి తొక్కేశాను. నీకేమన్నా అయ్యుంటే..." అన్నాడు.

నేనేమన్నానో చెప్పనా? "పర్లేదులేరా" అన్నాను.

క్షమించానమ్మా! నేను! వాణ్ణి! తల కూడా నిమిరాను!

అప్పుడే చెప్పాల్సింది. ఇంటికెళ్ళాక అనుకున్నాను. ఇంటికొచ్చాక కట్టు విప్పాక అనుకున్నాను. విప్పాక ఏ మొహంతో చెప్పను? అబద్ధానికి కూడా ముందు చిన్న కాళ్ళే ఉంటాయి, రోజూ అన్నం పెడితే మనంత అవుతుంది. అందుకే ప్రకటన ఇచ్చాను. బండి పోతే బ్రేకు పోతుంది, బ్రేకు పోతే సాక్ష్యం పోతుంది. వాడు ఇంకో పని చూసుకుంటాడు, గోడౌన్లో కూర్చున్నా జీతం వస్తుంది, ఒక మనిషి కారు నడపకపోతే కొంపలేం మునగవు... ఇలా నాకు నేనే పాఠాలు చెప్పుకుంటున్నాను. మాస్టార్ని కదా.

ఏమిటి?

ఎవరు, వెనకా?

...ఎప్పట్నుంచి నిలబడ్డావురా అక్కడ?

'వాడు కాదమ్మా, నేను' అన్న దగ్గర్నుంచా. అంటే మొత్తం విన్నావు.

ఒరే, అది కాదురా. ఆవిడ ఏదో అడిగితే... కాదు. అదే. అదేరా. విన్నదంతా నిజం. తిట్టు. ఏదో ఒకటి అను. మూడు నెలలుగా నీ నోట్లో మాట లేక చస్తున్నాం, కనీసం తిట్టు.

చూడండమ్మా, డ్రైవరు సీట్లోకి వెళ్తున్నాడు. ఆ బండి తలుపు ముట్టుకుని ఎన్నాళ్ళయింది! ఆ మణికట్టు జాగ్రత్తరా, తలుపు బిగువు.

నన్నా? ఎక్కమంటావా పక్కన? ఆవిడ ముందు నేను ఇందులో ఇరుక్కుంటే... సరే, ఎక్కుతున్నా. ఎక్కాను.

తొక్కాలా? ఎందుకురా? చూశావుగా, విన్నావుగా, ఇంకా... సరే. అరవకు. తొక్కుతాను.

రెండు కాళ్ళూ సీటు మీదికి తీసి పెట్టుకున్నాడమ్మా. వంగి తన బ్రేకు వంకే చూస్తున్నాడు.

ఇదిగో. తొక్కాను.

దిగింది కదూ? నీ కాలు లేకుండానే దిగింది.

మళ్ళీనా? ఇదిగో.

మళ్ళీ?

...ఎన్నిసార్లురా. ఇక చాలురా నాన్నా.

దిగిపోయాడు. మీరైనా నన్ను కాస్త లాగండమ్మా, ఈ బకెట్లోంచి. ఆఁ, అలా. భుజం పట్టుకోండి. అమ్మయ్య.

ఎక్కడికిరా? మీతోనా మాట్లాడాలంటున్నాడు? ఓహో, బేరమా. అవునమ్మా, వాడితోనే మాట్లాడుకోండి. బండి వాడిది, అమ్మేది వాడు, మానేది వాడు. నన్నడక్కండి. మధ్యలో దూరడానికి నేనెవర్ని?

ఏమన్నాడు? ఇవాళ ఇవ్వనన్నాడా? ఆ కడ్డీ ఒక్కటీ కోసి తీసెయ్యడానికి మీరేం తీసుకుంటారని అడిగాడా? మరి మీరేమన్నారు? ఊరికే చేస్తానన్నారా? అదేమిటమ్మా, ఇంత దూరం వచ్చి ఉత్త చేతులతో పోతారా!

అదుగో, కిటికీలోంచి మా ఆవిడ. ఆవిడా విన్నట్టే ఉంది. ఆ చూపు చూశారా? ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ చూపు రెండోసారి. మొదటిసారి దేనికో మీకు చెప్పను, ఇవాళ్టికి ఈ పరువు చాలు.

మిమ్మల్నీ భోజనానికి రమ్మంటోంది. రండమ్మా, మొహమాటపడకండి. గ్రీజు చేతులైతే ఏం, పంపు అటుంది. సబ్బు కావాలా? నేను తెస్తాను. కాదు, మావాడే తెచ్చాడు.

ఇలా ఈ కుర్చీలో కూర్చోండి. ఆ మూల కుర్చీ వద్దు, కుంటిది. దానిలో నేను కూర్చుంటాను. వాడు... గదిలోకి పోలేదు. కూర్చున్నాడు. నాకు బాగా దూరంగా, మీ అవతల, అయినా కూర్చున్నాడు. ఆవిడా నిలబడలేదు, కుర్చీ లాక్కుంది.

మీకు వడ్డించింది, వాడికి వడ్డించింది, తను వడ్డించుకుంది. నా కంచం ఖాళీ. సర్లెండి, చేతులున్నాయిగా. ఆ గిన్నె ఇటు జరుపుతారా?

ఏదో అన్నాడు ఇప్పుడు. సరిగ్గా విన్నారా? ఐదింటికి లేపమన్నాడు కదూ? రేపు పొద్దున ఐదింటికి. వాను తీసేది ఆరింటికమ్మా!

నాతో కాదులెండి. వాళ్ళమ్మతో. నా వైపు చూడను కూడా లేదు.

పోనీండి. వాడు రోడ్డు చూసుకుంటే చాలు. మీరు తినండమ్మా, చల్లారిపోతుంది.