సంచిలో పీత

పుస్తకం కోసం సంచిలో చెయ్యి పెట్టిన గంగాలమ్మకు బతికున్న పీత తగిలింది. పైకి తీసేసరికి తొమ్మిదో తరగతి ఆడపిల్లలంతా కెవ్వుమని వరండాలోకి పరుగెత్తారు. బెంచీ ఎక్కి నిలబడ్డ గౌరీశ్వరి ఒక్కతే మిగిలింది. పోర్టు గుమస్తాగారి కూతురు. గంగాలమ్మను చూసి రోజూ ముక్కు మూసుకునేది ఆ పిల్లే.

"నవ్వుతన్నావేటే? బయం లేదా?"

"పీతకా? వెనకనుంచి పట్టుకుంటే ఏటీ సెయ్యదు. జాలరి పిల్లని పీతతో బెదిరిద్దామనుకున్న తెలివైనోళ్ళెవులో!"

"నిన్న 'సేపల కంపు' అంటే ఏడ్సావుగా?"

"ఏడ్సాను. బడి మానేత్తానని మాయమ్మకి సెప్పాను. 'కెరటమొత్తే పడవ ముక్కు దానికేసి తిప్పాల. పక్కకి తిప్పితే బోల్తా కొట్టేత్తాది. రేపొక్కరోజు ఎదురెళ్ళి సూడు' అంది."

"అయితే మానేత్తావా?"

"మానను. నోరు ఆళ్ళది, సదువు నాది. అవునే, నీ వేలికా గుడ్డేటి?"

"బ్లేడు కోసుకుంది."

"బ్లేడైతే ఒకేపే తెగుద్ది. నీ గుడ్డకి రెండేపులా నెత్తురంటింది. పసుపెట్టావా? లేపోతే సీము పడతాది."

గౌరీశ్వరి మెల్లగా బెంచీ దిగింది.

"ఆ పీతని నీ సంచిలో నానే ఎట్టాను, గంగాలూ. నువ్వు ఏడుత్తావనుకున్నాను. పొద్దున్నుంచీ ఏడుత్తన్నది నానే."