దిగని ముద్ద

భోజనాల బల్ల దగ్గర క్యాంటీన్ వంటమాస్టరు, అతని భార్య, కూతురు.

“మళ్ళీ అదే మాట! తినొచ్చానంటే నమ్మవేం?”

“ఎక్కడ తిన్నారో చెప్పండి, నమ్ముతాను.”

“క్యాంటీన్‌లో. వంటవాడు ఇంకెక్కడ తింటాడే?”

“రోజూ తినొచ్చే మనిషి బెల్టుకి కొత్త బెజ్జం ఎందుకు పడిందో?”

“అమ్మా, ఇక వదిలెయ్.”

“నువ్వు మాట్లాడకు. మీ నాన్నకి నా చేతి వంట చేదైపోయింది. ఇంకెవరో కొసరి కొసరి వడ్డిస్తున్నారు.”

“ఛ! కూతురి ముందు ఏం మాటలే అవి?”

“అయితే కూర్చోండి. ఆ కూతురి ముందే ఒక్క ముద్ద తినండి.”

“తింటాలే. ఇటివ్వు.”

“నాన్నా, వద్దు!”

“ఎందుకొద్దు? తన ఇంట్లో తను తింటే... ఏమండీ? ఏమండీ! ఛాతీ పట్టుకున్నారేంటి? అయ్యో, గుండె...”

“గుండె కాదమ్మా! పక్కకి జరుగు. నాన్నా, సింకు దగ్గరికి పద. వంగు. బయటికి రానీ... వచ్చేసింది, అయిపోయింది.”

“నీకెలా తెలుసే ఇదంతా?”

“ఆసుపత్రికి తీసుకెళ్ళింది నేనే. అన్నవాహిక చివర కండరం బిగుసుకుపోయిందట. తెరుచుకోదు. తిన్నది పొట్టలోకి దిగదు.”

“గడ్డా గిడ్డా కాదుగా?”

“కాదు. ఆపరేషన్ చేసి ఆ కండరాన్ని వదులు చేస్తారట. నాన్నే ఒప్పుకోవట్లేదు.”

“ఎందుకండీ?”

“సెలవడిగితే కారణం చెప్పాలి. ముద్ద మింగలేనివాడి వంట ఎవరు తింటారే? రుచి చూసి ఉమ్మేస్తున్నానని తెలిస్తే, నా గరిటె ఇంకొకడి చేతికి పోతుంది.”

“నాకు చెప్పొచ్చుగా?”

“నీ నోట్లో మాట దాగదని...”

“దాగదా? మధ్యాహ్నం నుంచీ దాచుకునే ఉన్నా.”

“ఏం దాచావు?”

“మీ క్యాంటీన్‌కి వెళ్ళొచ్చాను. మీరు ఉమ్మేస్తున్నది అక్కడ అందరికీ తెలుసట. అడిగితే చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నారట.”

“అందరికీ తెలుసా?”

“మేనేజరమ్మే చెప్పింది. ఇంకెవరో వడ్డిస్తున్నారంటే ఉడుక్కుని అయినా నిజం కక్కుతారనుకున్నా. ఇంత బాధ అని నాకు తెలీదండీ. తెలిస్తే ఆ ముద్ద పెట్టేదాన్నా?”

“అమ్మా, ఏడవకు.”

“ఏడవట్లేదు. ఇద్దరూ వినండి. ఏ జబ్బైనా ముందు డాక్టరుకి చూపించాలని మీ సెలవు గురించి మేనేజరమ్మతో అప్పుడే మాట్లాడేశాను. ఎల్లుండి మీరు ఆసుపత్రికి. తిరిగొచ్చేదాకా మీ పొయ్యి దగ్గర నేనుంటాను.”